బండి నెత్తిన బెజ్జం

అయస్కాంతం అంటుకోని బండి కూడా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసి ఉంటే ఆ పికప్ ట్రక్కును కొననిచ్చేదాన్ని కాదు.

ఈమధ్య చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర పిల్లలు అడిగారు, "ఆంటీ, మీరు రిటైర్ అవకముందు ఏం జాబ్ చేశారు?" అని. "ట్యాంకుల ముందు నడిచేదాన్ని" అన్నాను. మిలిటరీ ట్యాంకులనుకుని నోళ్ళు తెరిచారు. వైను నిలవ చేసే ట్యాంకులని చెప్పేసరికి పక్కన సాంబారు పోసుకుంటున్న పాస్టరుగారికి పొలమారింది. మన చర్చివాళ్ళు మీరంతా ఆఫీసుల్లో కూర్చుని చేసే పనుల గురించి ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాను. నా పని గురించి మీరూ ఒకసారి వినండి. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. చర్చి పాటల కాగితాలు ముందు పెట్టి మా ఆడబిడ్డ నేర్పింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, దిద్దే ఓపిక నాకు లేదు.

పని ఏమిటంటే ఇది. కాలిఫోర్నియాలో ద్రాక్షతోటల మధ్య వైను ఫ్యాక్టరీలు ఉంటాయి. వాటికి వచ్చే స్టీలు ట్యాంకులు ఒక్కోటి ఇల్లంత ఉంటాయి. ట్రక్కు మీద పడుకోబెట్టి తీసుకెళితే చిన్న రోడ్డులో సగానికి పైగా అదే పట్టేస్తుంది. అందుకని దాని ముందు ఒక చిన్న బండి పోవాలి, పసుపు లైటు తిప్పుకుంటూ, బంపరుకు పెద్ద బోర్డు కట్టుకుని. ఎదురుగా ఏం వస్తోంది, వంతెన ఎంత ఇరుకు, కొమ్మ ఎంత కిందికి వంగింది, అన్నీ ముందుబండి చూసి వెనక ట్రక్కుకు చెప్పాలి. చెప్పేది సీబీ రేడియోలో, డ్రైవర్లు బండి నుంచి బండికి మాట్లాడుకునే రేడియో అది. ఫోను ఉంది కదా అంటారు మీరు. ఆ తోటల్లో ఫోను ఎప్పుడు పలుకుతుందో దేవుడికి తెలియాలి. పలికినా అది మోగి, ఆయన ఎత్తి, హలో అనేలోపు వంతెన వచ్చేస్తుంది. రేడియో అలా కాదు, మీట నొక్కి మాట్లాడితే మాట వెంటనే అవతల పడుతుంది. పడాలంటే యాంటెన్నా బాగుండాలి. పనంతా ఆ పుల్ల మీద ఆధారపడి ఉంది.

ఈ పని ముందు మా ఆయన చేశాడు. ఇండియాలో ఆయన ఇటుకబట్టీలో ట్రాక్టరు తోలేవాడు, నేను ఇటుకలు మోసేదాన్ని. ట్రాక్టరు వెనక్కి తీసేటప్పుడు నేనే వెనక నిలబడి కేకలు వేసేదాన్ని. పోనివ్వాలంటే "రైట్ రైట్", ఆపాలంటే "హోల్డాన్". మా ఆడబిడ్డ నర్సుగా ఇక్కడికి వచ్చి, సిటిజన్ అయ్యి, తమ్ముడి కోసం కాగితాలు పెట్టింది. అవి కదిలేసరికి మాకు సగం వయసు అయిపోయింది. వచ్చాక నేను కారు నడపడం నేర్చుకుని, బాదం ఫ్యాక్టరీలో బెల్టు దగ్గర నిలబడి పప్పులో రాళ్ళు ఏరాను. ఆయన ట్యాంకుల ముందు బండి నడిపాడు. కొన్నేళ్ళకు ఆయన మోకాలు పోయింది, సరిగ్గా అప్పుడే పాత పికప్పూ పోయింది.

"నేను నడుపుతాను" అన్నాను.

"ఏం నడుపుతావే నువ్వు?"

"నువ్వు నడిపిందే. పక్కన కూర్చుని కాఫీ పొయ్యి, చాలు."

అలా ఇంకొక పికప్ కొన్నాం. ఎవరో వాడి అమ్మిందే అయినా మాకు కొత్తదే. తళతళలాడేది. దాన్ని చూసి మా ఆయన పెళ్ళికొడుకులా తిరిగాడు.

ఇక ట్రక్కు నడిపే పెద్దాయన గురించి చెప్పాలి. ఆయన అమెరికావాడు. పొట్టిగా ఉంటాడు, ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ పొట్టు ఉమ్ముతుంటాడు. ఎవరినీ మెచ్చుకోగా నేను చూడలేదు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే, నేను మన మాటల్లో రాస్తున్నాను.

"ఇన్నాళ్ళూ మీ ఆయన కళ్ళతో బండి నడిపాను" అన్నాడు. "నీ కళ్ళు ఎలాంటివో నాకు తెలియదు. రెండు చిన్న లోడ్లు చూస్తాను. ఆ తరువాత పెద్ద ట్యాంకు ఉంది. అప్పటికీ నీ మాట నాకు సరిగా వినపడకపోతే ఇంకొకరిని చూసుకుంటాను. ఏమీ అనుకోకు."

అనుకోక ఏం చేస్తాను? ఆయన వద్దంటే మిగతా డ్రైవర్లెవరూ రమ్మనరు. బండి గుమ్మంలో పడుంటుంది, నేను మళ్ళీ రాళ్ళ బెల్టు దగ్గరికి పోవాలి. అక్కడ నిలబడి నిలబడి నా కాళ్ళ నరాలు తాళ్ళలా తేలాయి. ఈ సీటు నాకు కావాలి.

ఆ సాయంత్రం మా ఆయన పాత యాంటెన్నా తెచ్చి కొత్త బండి పైకప్పు మీద పెట్టాడు. దాని అడుగున అయస్కాంతం ఉంటుంది, పెడితే అతుక్కుంటుంది, పాత బండి మీద ఏళ్ళ తరబడి అలాగే ఉంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నేను మలుపు తిప్పానో లేదో, అది సర్రున జారి అద్దం మీదుగా దిగి వైరుకు వేలాడింది.

"బండికి నూనె రాశావా ఏం?" అన్నాను.

"నేనెందుకు రాస్తానే! ఏదో రోగం దీనికి."

తుడిచి పెట్టాడు. జారింది. ఉమ్మేసి తుడిచి పెట్టాడు. జారింది. పక్క బ్లాకులో మా చర్చి సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకడు ఉంటాడు, వరంగల్ వైపువాడు. అబ్బాయి అంటున్నాను గానీ ఇద్దరు పిల్లల తండ్రి. మా అవస్థ బాల్కనీలోంచి చూసి, ఫ్రిజ్‌కి పిల్లలు అంటించే మామిడిపండు బొమ్మ ఒకటి పట్టుకుని దిగి వచ్చాడు. డాక్టరు గుండె చూసినట్టు దాన్ని బండి ఒళ్ళంతా ఆనించి చూశాడు. ఎక్కడా పట్టలేదు.

"అంకుల్, ఇది అల్యూమినియం బాడీ. మాగ్నెట్ పట్టదు."

"అల్యూమినియమా?" మా ఆయన ముఖం పాలిపోయింది. "అంటే గంజి వార్చే గిన్నె కొనుక్కొచ్చామా మనం?"

"గట్ల కాదంకుల్. లైట్ వెయిట్, తుప్పు పట్టదు. మంచి బండే. యాంటెన్నాకి వేరే మౌంట్ చూడాలె, అంతే."

ఇక చూడటం మొదలైంది. మా ఆయనకు చిన్నప్పటి నుంచి పొడవంటే మోజు. ఇంటి ఎత్తున ఊగే స్టీలు కడ్డీ కావాలన్నాడు. అది ఎంత దూరమైనా వినిపిస్తుందట. నిజమేనేమో. కానీ ఆ కడ్డీతో పెట్రోలు బంకులోకి ఎలా పోతాం, కొమ్మల కింద ఎలా పోతాం? చేపలు పట్టడానికి పోవడం లేదు కదా అన్నాను. అలిగాడు. సాఫ్ట్‌వేర్ అబ్బాయి రాత్రంతా ఆన్‌లైన్‌లో చదివి వచ్చి, నా భుజం దాకా వచ్చే ఫైబర్ పుల్ల చాలన్నాడు. దాన్ని వెనక తొట్టి మూలన బ్రాకెట్ వేసి బిగిద్దామన్నాడు.

"డ్రిల్ చేసే పని లేదాంటీ. బండికి ఒక్క హోల్ పడదు. రేపు అమ్మితే రీసేల్ వాల్యూ పోదు."

బెజ్జం పడదనేసరికి మా ఆయన అలక తీరింది. నాకూ నచ్చింది. కొత్త బండికి బెజ్జం పెట్టుకోవడం ఎవరికి ఇష్టం? ముగ్గురం కలిసి బిగించాం. చూడటానికి బాగుంది, జెండా కర్రలా నిటారుగా.

మొదటి చిన్న లోడుకు పోయాం. నేను నా మానాన రోడ్డంతా చదివి చెబుతూ పోయాను. ఎదురుగా కారు వస్తోంది, తపాలా డబ్బా రోడ్డు మీదికి ఉంది, వంతెన ఖాళీగా ఉంది, రైట్ రైట్. దిగాక పెద్దాయన గింజల పొట్టు ఉమ్మి, "నీళ్ళ అడుగున కూర్చుని మాట్లాడావా?" అని అడిగాడు. ఒక్క ముక్క వినపడలేదట, అంతా గరగర. రెండో లోడుకు వైర్లన్నీ విప్పి మళ్ళీ బిగించుకుని పోయాం. "నయం. ఇవాళ కప్ప మాట్లాడినట్టుంది" అన్నాడు. తరువాత నవ్వకుండా, "వచ్చే వారం పెద్ద ట్యాంకు" అన్నాడు.

ఆ ఆదివారం చర్చి పార్కింగులో సభ పెట్టాం. సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒక చిన్న మీటరు తెప్పించాడు. మనం రేడియోలో పంపిన మాట గాలిలోకి పోతోందా, పోకుండా తిరిగి బండిలోకే వస్తోందా అన్నది అందులో ముల్లు చూపిస్తుంది. నేను మీట నొక్కి "హలో" అన్నాను. ముల్లు ఎగిరి ఎర్ర గీతలోకి పోయి కూర్చుంది.

"ఆంటీ, మీరు మాట్లాడింది మీకే వాపస్ వస్తుంది."

"ఇంట్లోనూ అంతే" అన్నాడు మా ఆయన.

ఆ అబ్బాయి నవ్వి, తల గోక్కున్నాడు. "తప్పు నాదే అంకుల్. బ్రాకెట్ పెయింట్ మీద బిగించినం. కింద మెటల్‌కి తగలాలె. బండి ఇనుము, అదే అల్యూమినియం, మొత్తం యాంటెన్నాకి కాళ్ళ కింద నేల లెక్క. పెయింట్ అడ్డం ఉంటే నేల లేనట్టే."

సరే అని కూర్చుని పెయింటు గీకాం. నేనే గీకాను, ఇంట్లోంచి తెచ్చిన కొబ్బరి కోరే చాకుతో. ముల్లు కాస్త దిగింది. కానీ అతను ఇంకొక సంగతి చెప్పాడు. బండి రేకు ఏ వైపు ఎక్కువ పరుచుకుని ఉంటే మాట ఆ వైపు ఎక్కువ పోతుందట. పుల్లను వెనక మూలన పెట్టాం కాబట్టి రేకంతా దాని ముందు ఉంది. కాబట్టి నా మాట ముందుకు బాగా పోతుంది.

"నా ముందు ఎవరున్నారు?" అన్నాను.

నా ముందు ఎవరూ లేరు. వినాల్సినవాడు వెనక ఉన్నాడు. ఇన్నాళ్ళూ నేను ఖాళీ రోడ్డుకు కబుర్లు చెబుతూ పోయాను.

"అయితే ఎక్కడ పెడితే నాలుగు వైపులా పోతుంది?"

అతను బండి పైకప్పు నడిమధ్యన వేలితో చూపించాడు. అక్కడ అయస్కాంతం పట్టదు, బ్రాకెట్ పట్టదు. ఇక మిగిలింది ఒకటే.

"కొట్టండి బెజ్జం" అన్నాను.

మా ఆయన లేచాడు. "కొత్త బండికి నెత్తిన బెజ్జమా? వానొస్తే లోపల గొడుగు పట్టుకుని కూర్చుంటావా? నీకేమైనా మతి ఉందా?"

"బండి అందంగా ఉండి గుమ్మంలో ఉండాలా, బెజ్జంతో రోడ్డు మీద ఉండాలా? నువ్వే చెప్పు."

కుంటి కాలితోనే విసురుగా చర్చి వంటగదిలోకి పోయాడు. సాఫ్ట్‌వేర్ అబ్బాయి డ్రిల్లు తెచ్చి, లోపల దీపం ఊడదీసి, కొలుచుకుని, పైన పెన్సిలుతో చుక్క పెట్టాడు. డ్రిల్లు ఒకసారి బుర్రుమనిపించాడో లేదో మా ఆయన కుంటుకుంటూ వచ్చేశాడు.

"ఇటివ్వు. నా బండికి నెత్తి పగలగొడితే నేనే పగలగొడతాను."

చుక్క మీద డ్రిల్లు ఆనించి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, కళ్ళు తెరిచి, నొక్కాడు. అల్యూమినియం కాబట్టి వెన్నలా దిగింది. "చూశావా, గంజిగిన్నే" అన్నాడు గొణుగుతూ. రబ్బరు వాషరు వేసి, బిగించి, చుట్టూ బంక పూసి, వైరును తలుపు పక్క స్తంభంలోంచి కిందికి దించారు. పుల్ల కొన మీద చిన్న మర ఉంటుంది. దాన్ని కాస్త పైకీ కిందికీ తిప్పుతూ ముల్లు చూశాం. ముల్లు దిగి దిగి అడుగున పడుకుంది. అంత హాయిగా పడుకున్న ముల్లును నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడు పెద్దాయన యార్డులో కూర్చుంటే నేను బండి వేసుకుని దూరంగా పోయి ఒకటి రెండు మూడు అని అంకెలు చదివాను. "పక్క సీట్లో కూర్చుని చదివినట్టుంది" అన్నాడు. మా ఆయన తన సీటు తడుముకుని చూసుకున్నాడు.

ఇక పెద్ద ట్యాంకు రోజు. తెల్లారాక బయలుదేరాం. రెండు పక్కలా ద్రాక్షతోటలు, కుడిపక్క పంటకాలవ, సన్న రోడ్డు. నా మాటకు వెంటవెంటనే ఆయన మాట వస్తోంది. "ఎదురుగా పాలవ్యాను." "చూశాను." "కొమ్మ ఎత్తుగానే ఉంది." "సరే." నాకు ఒళ్ళంతా తేలిపోతోంది. మా ఆయన కాఫీ పోసి ఇచ్చి, "బెజ్జం మహిమ" అన్నాడు. అప్పటికి ఆ బెజ్జం ఆలోచన ఆయనదే అయిపోయింది.

కాలవ మలుపు తిరిగే చోట ఒక ఇరుకు వంతెన ఉంది. నేను ముందు దాటాను. అవతల కనుచూపు మేర ఎవరూ లేరు. మీట నొక్కి, "వంతెన క్లియర్. రైట్ రైట్!" అన్నాను.

అద్దంలో చూస్తున్నాను. ట్రక్కు వంతెన మీదికి రావడం మానేసి కుడికి జరుగుతోంది. నాకు అర్థం కాలేదు. తొందరపెడితే సరిగా వస్తాడేమోనని ఇంకా గట్టిగా అన్నాను, "రైట్! రైట్ రైట్!"

ఇంకా కుడికి జరిగాడు. కుడి చక్రాలు కాలవ గట్టు మీదికి దిగాయి. గట్టు మెత్తగా ఉంది. ట్యాంకు మెల్లగా, నిద్రలో పక్కకు ఒరిగే మనిషిలా, కాలవ వైపు ఒరిగింది.

"హోల్డాన్! హోల్డాన్!" మా ఆయనా నేనూ ఒకేసారి అరిచాం.

ఆగింది. ట్యాంకును కట్టిన గొలుసులు కిర్రుమన్నాయి. ట్యాంకు ఒరిగి, అక్కడే నిలిచిపోయింది. పడలేదు. పెద్దాయన అవతలి తలుపులోంచి దిగి, చక్రాలు చూసి, కాలవ చూసి, వంతెన మీదుగా మా దగ్గరికి నడుచుకుంటూ వచ్చాడు. నోట్లో గింజలు లేవు. మింగేశాడేమో.

"ముందు ఏముంది? కుడికి జరగమన్నావు, ఎందుకు?"

"నేను జరగమనలేదు."

"రైట్ అన్నావు. ఒకసారి కాదు, అరిచి మరీ అన్నావు."

"అన్నాను. రైట్ అంటే పోనీ అని!"

"రైట్ అంటే కుడి."

"కుడి కావాలంటే 'టర్న్ రైట్' అంటాను కదా!"

మీరు నవ్వుతారు. కానీ నా చిన్నప్పటి నుంచి ఆ మాట బట్టీలో ఇటుకల్లాగే ఉంది. అది ఇంగ్లీషు మాటని, దానికి ఇంకొక అర్థం ఉందని నేను ఎప్పుడూ అనుకోలేదు. రోడ్డు మీద కుడికి తిరగాలంటే వచ్చే రైటు వేరు, బండిని పోనిచ్చే రైట్ రైట్ వేరు. నా బుర్రలో ఆ రెండూ ఏ రోజూ ఎదురుపడలేదు. ఎదురుపడింది ఆ వంతెన దగ్గరే.

మా ఆయన మోకాలు పట్టుకుని దిగి వచ్చాడు. "సార్, మా దేశంలో బస్సులన్నీ రైట్ రైట్ అంటేనే కదులుతాయి."

"ఎడమకు పోవాలన్నా?"

"ఎడమకు పోవాలన్నా రైట్ రైటే సార్."

పెద్దాయన ఒరిగిన ట్యాంకు వైపు తిరిగి చూశాడు. "మరి మీ బస్సులు చేరాల్సిన చోటికి చేరతాయా?"

"కాస్త లేటుగా" అన్నాడు మా ఆయన.

"నువ్వెప్పుడూ అనలేదే నాతో?"

"నేను ట్రాక్టరు తోలినవాణ్ణి సార్. ఆ కేకలు వేసేది ఆమె."

తోట వాళ్ళు రెండు ట్రాక్టర్లు తెచ్చి లాగారు. మధ్యాహ్నానికి ట్రక్కు రోడ్డెక్కింది. ట్యాంకుకు గీత కూడా పడలేదు. ఆ సేపంతా నేను బండి నీడన నిలబడి బాదం బెల్టు గురించే ఆలోచించాను. ఏ చివర నిలబెడతారో, మళ్ళీ అక్కడ వేసుకునే రబ్బరు చెప్పులు కొనుక్కోవాలేమో అని. మా ఆయన కాఫీ కప్పు నా చేతిలో పెట్టాడు. నేను తాగలేదు. ఆయనే తాగాడు.

పెద్దాయన మళ్ళీ వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, పైకప్పు మీద యాంటెన్నా వైపు చూశాడు.

"చిన్న లోడ్లకు కూడా అలాగే అన్నావా? రైట్ రైట్ అని?"

"ప్రతి వంతెనకూ అన్నాను."

"నాకు వినపడలేదు. కాబట్టి తిన్నగా వచ్చాను." గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు. "నీ రేడియో ఇప్పుడు చాలా బాగా పనిచేస్తోంది."

తిట్టో మెప్పో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

"మరి హోల్డాన్ అంటే ఏంటి?"

"ఆపమని."

"అది మాకూ అంతే. బతికిపోయాం." అని తన ట్రక్కు ఎక్కాడు. ఉంటావా పోతావా అని ఏమీ చెప్పలేదు. నేను నా సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుని ఎదురుచూశాను. రేడియో గరగరమనలేదు, తేటగా పలికింది. "ఏంటి చూస్తున్నావు? ముందు నడువు."

నడిచాను. తరువాతి వంతెన దగ్గర నాలిక కరచుకుని, "క్లియర్, కమ్" అన్నాను. ఆ పైదానికీ అలాగే అన్నాను. ఊరు దగ్గర పడుతోందని మనసు కుదుటపడేసరికి నోరు దాని దారిన అది పోయింది. చివరి వంతెన దాటి, "క్లియర్, రైట్ రైట్!" అనేశాను.

మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను అద్దంలోకి చూశాను. ట్రక్కు ఒక క్షణం నెమ్మదించింది. తరువాత గీత గీసినట్టు తిన్నగా వంతెన మీదికి వచ్చింది. రేడియోలో ఆయన గొంతు పలికింది. "రైట్ రైట్, తిన్నగా వస్తున్నాను."

రేడియోలో డ్రైవర్లు సొంత పేర్లు వాడరు. ఒక్కొక్కరికి ఒక మారుపేరు ఉంటుంది. నాకు అప్పటిదాకా లేదు. ఆ రోజు నుంచి నేను రైట్ రైట్‌ని. ఆయన మిగతా డ్రైవర్లకు కూడా చెప్పాడు, రైట్ రైట్ ముందు ఉంటే రైట్ అన్నప్పుడు తిన్నగా పోవాలి, కుడికి జరపాలంటే ఆమే "కాలవ వైపు" అంటుంది అని. కాలవ లేని రోడ్ల మీద కూడా మేము కుడిని కాలవ వైపు అనే అన్నాం. ఎవరూ కాలవలో పడలేదు.

ఆ సీట్లో చాలా ఏళ్ళు కూర్చున్నాను. బెజ్జంలోంచి ఒక్క చుక్క కారలేదు. అయినా వాన పడినప్పుడల్లా మా ఆయన చెయ్యి పైకెత్తి లోపలి గుడ్డ తడిమి చూసేవాడు. ఇప్పుడు బండి గుమ్మంలోనే ఉంది, ఇప్పటికీ తడుముతాడు. అమ్మితే రేటు రాదని సాఫ్ట్‌వేర్ అబ్బాయి చెప్పాడు. అమ్మమని ఎవరు అడిగారు?

నా ఆఖరి లోడు కూడా ట్యాంకే. ఫ్యాక్టరీ గేటు దాకా తీసుకెళ్ళి, పక్కకు తీసి, ట్రక్కు లోపలికి పోనిచ్చాను. అక్కడితో ముందుబండి పని అయిపోతుంది. వీడ్కోళ్ళు అవీ నాకు రావు. పసుపు లైటు ఆపేసి, రేడియో కట్టేద్దామని చెయ్యి చాచాను.

"రైట్ రైట్" అన్నాడు ఆయన రేడియోలో. ఆగి, మళ్ళీ అన్నాడు, "హోల్డాన్."

సరిగ్గా మా బట్టీలో కేక వేసినట్టే సాగదీసి అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి నేర్చుకుంటున్నాడో. అద్దంలో చూస్తే ట్రక్కు దిగి, గింజల పొట్లం పట్టుకుని నడిచి వస్తున్నాడు. మా ఆయన ఇంకొక కప్పు తీసి కాఫీ పోస్తున్నాడు.

ఆగాను.